కొయ్యపలకపై నక్షరములు చెక్కుట

క్రొత్తయిల్లు కట్టుకొన్నవారు గడపకు పసుపు పూయుట మఱవరు, గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టుట మఱవరు. గోడకు తగిలించు పేరుపలకను మాత్రము గృహప్రవేశమునకు ముందుదినమున తొందరపడి బజారునుండి వ్రాయించి తెత్తురు. ప్లాస్టికు రేకుపై నంటించిన యక్షరములు రెండు వేసవులు గడచునప్పటికి రంగు వెలిసి, అంచులు లేచి, ఒక్కొక్కటిగా రాలుటకు సిద్ధమగును. "నిలయము" అను మాటలో మొదటి యక్షర మూడిపోయినచో మిగులునది "లయము"! గృహిణి యెంత శాంతస్వభావురాలైనను ఆ పలకక్రిందుగా లోనికి పోవుట కిష్టపడదు.

కొయ్యలో లోతుగా చెక్కిన యక్షరమున కీ భయము లేదు. అది పైన అతికించిన వస్తువు కాదు. పలకలో నేర్పరచిన పల్లము. రంగు పోయినను పల్లము పోదు. ఎండ పడినప్పుడు పల్లములోని నీడయే యక్షరమును చదివించును. ఈ పని వడ్రంగులకే కాని స్త్రీలకు సాధ్యము కాదని తలచువారు మనలో నున్నారు. చీనా దేశమున గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రములోని షుండె ప్రాంతమున మాగాంగ్ అను గ్రామము కలదు. 19వ శతాబ్దమున పుస్తకముల నచ్చువేయుటకు వలయు కొయ్యపలకలపై నక్షరములు చెక్కుటలో ఆ యూరి స్త్రీలును, బాలికలును పేరు పొందినవారు. అంత దూరము పోనేల? మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొయ్యగరిటెలను, చెంచాలను చెక్కి జీవించువారిలో స్త్రీలు పెక్కుమంది కలరు. ఉలి పట్టుటకు వలసినది కండబలము కాదు. ఉలి పదునుగా నున్నచో చేతి బలము చాలును. పదును లేనిచో భీముని బలమును చాలదు.

ఈ పనిలో ముందు చేయవలసినది చెక్కుట కాదు, వ్రాయుట. రోము నగరమున ట్రాజన్ చక్రవర్తి స్తంభపు పీఠముమీద క్రీ.శ. 113లో చెక్కిన యక్షరములను నేటికిని పాశ్చాత్యులు తమ లిపికి మేలిబంతిగా నెంచుచున్నారు. ఆ యక్షరముల సొంపు ఉలివలన వచ్చినది కాదనియు, చెక్కుటకు ముందు చదునైన కుంచెతో రాతిపై వ్రాసిన నేర్పువలన వచ్చినదనియు ఎడ్వర్డు కాటిచ్ అను నమెరికా దేశపు మతాచార్యుడు 1968లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. కుంచె వ్రాసినదానిని ఉలి స్థిరపరచినదన్నమాట. వంకరగా వ్రాసి చక్కగా చెక్కితిమా, ఆ వంకర నూఱేండ్లు నిలుచును.

తెలుగు లిపికి కొయ్యతో సహజమైన స్నేహము లేదని ముందే చెప్పవలసియున్నది. తాటాకుపై గంటముతో నిలువు, అడ్డు గీతలు గీసినచో ఆకు చీలుననియు, అందుచేతనే మన యక్షరములు గుండ్రములైనవనియు పెద్దలు చెప్పుదురు. ఆకును కాపాడిన యా గుండ్రదనమే కొయ్యకు వచ్చునప్పటికి చిక్కు తెచ్చును. ఇంగ్లీషు లిపిలో నిలువుగీతలు, ఏటవాలు గీతలు మిక్కుటము. ఒక గీత యంతయు కొయ్యపోగుల కొకే దిక్కున నుండును గనుక ఉలిని ఒకే తీరున నడపవచ్చును. మన "ర"కారమును చెక్కుటకు పూనినచో, ఉలి ఆ చుట్టు ముగియులోపల పోగులవెంట, పోగుల కడ్డముగా, మరల వెంట, మరల అడ్డముగా పోవలసియుండును. ప్రతి మలుపునందును పోగు లేచు నపాయము కలదు. దీనికి తగిన యుపాయమును ముందు చెప్పెదను.

వ్రాతకు సంబంధించిన చిక్కు మఱియొకటి కలదు. మన యక్షరములకు తల యున్నది, కాళ్లును ఉన్నవి. తలకట్లు, గుడులు పైన, వత్తులు క్రింద. "లక్ష్మీ నిలయము" అని వ్రాయదలచినచో "క్ష్మీ"లో ఒక వత్తు క్రింద మఱియొక వత్తు చేరి, పైన గుడిదీర్ఘము నిలుచును. నడిమి యక్షరముల యెత్తునుబట్టి పలకను కొలిచి తెచ్చినవారు కడపట ఈ వత్తును పలక యంచున నలిపి యిరికింపవలసివచ్చును. కాబట్టి ముందు పేరంతయు కాగితముపై నిండుగా వ్రాసి, పైకొమ్మునుండి క్రిందివత్తు కొనవఱకు కొలిచి, అటుపిమ్మటనే పలక కొలత నిర్ణయింపవలెను. నడిమి యక్షరము రెండంగుళము లున్నచో, ఒక వరుస పేరునకు ఎనిమిదంగుళముల యెత్తుగల పలక సుఖముగా నుండును. అక్షరమునకు అక్షరమునకు నడుమ ఎడము కొలబద్దతో సమానముగా పెట్టరాదు. "ర", "ల" వంటి గుండ్రని యక్షరములు ప్రక్కప్రక్కన నున్నప్పుడు దగ్గఱగాను, కొమ్ములున్నవి వచ్చినప్పుడు కొంచెము దూరముగాను పెట్టి కంటితోనే సరిచూడవలెను. ముగ్గులో చుక్కలమధ్య ఎడము కొలవకయే పెట్టగల మన స్త్రీల కన్ను దీనికి మిక్కిలి తగినది.

కాగితముమీది వ్రాతను పలకపైకి దింపుటకు రెండు మార్గములు కలవు. కార్బను కాగితము పెట్టి దిద్దవచ్చును. లేదా వ్రాతగీత పొడవునను సూదితో బెజ్జములు పొడిచి, కాగితమును పలకపై పఱచి, మెత్తని బొగ్గుపొడిని గుడ్డమూటతో అద్దవచ్చును. ఈ రెండవ దానిలో నొక సౌకర్యమున్నది; కాగితము చెడదు, మఱియొక పలకకు మరల పనికివచ్చును.

ఇక కొయ్య. వర్షము తగులుచోట పెట్టు పలకకు టేకు చేవను మించినది లేదు. అందులోని సహజమైన నూనె నీటిని, చెదను చాలవఱకు నాపును. అయితే టేకులో ఇసుకవంటి సన్నని పదార్థముండుటచే ఉలి యంచు త్వరగా మొద్దువాఱును, మాటిమాటికి నూఱుకొనవలెను. వేపచెక్క గట్టిదే కాని దాని పోగులు అటునిటు పెనవేసికొనియుండును. నేర్చుకొనువారికి విసుగు పుట్టించును. మామిడిచెక్క చౌక, పురుగు పట్టుట యంతకంటె చౌక. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి వెన్నవలె తెగునని మొదట దానిపై చేయి తిప్పుకొనుట మంచిదే యైనను, ఆ పలకను లోపలిగదిలోనే ఉంచవలెను. మెత్తని కొయ్యకు మొద్దు ఉలి చాలునను భ్రాంతి వలదు. మెత్తనిది తెగుటకు బదులు నలిగిపోవును. దానికే ఎక్కువ పదును కావలెను. ఎఱ్ఱచందనమును ఊరుపేరు తెలియనివారియొద్ద కొనుట చట్టముతో చెలగాటమని వేఱుగా చెప్పనక్కఱలేదు.

నా యభిప్రాయములో అన్నిటికంటె మేలైనది పాతయిండ్లు పడగొట్టినప్పుడు దొరకు ద్వారబంధముల టేకు. అది యేండ్లకొలది ఆఱి యుండుటచే ఇక కుంచించుకొనుట, వంగుట చాల తక్కువ. పచ్చిపలకపై చెక్కినచో అది ఆఱుచున్నకొలది అడ్డముగా కుంచించుకొని, పగిలి, అక్షరము నడుమ నెఱ్ఱె పడును. పాత కొయ్యలో విఱిగిన మేకు లున్నవేమో అయస్కాంతముతో తడవి చూచి, ఆపైన చిత్రిక పట్టింపవలెను. పలక మందము అంగుళమునకు తగ్గరాదు. పోగులు పలక పొడవువెంట అడ్డముగా పోవునట్లు చూచుకొనవలెను.

పనిముట్లు పెట్టెడు కొననక్కఱలేదు. పావంగుళము వెడల్పు ఉలి యొకటి, అరంగుళము ఉలి యొకటి, నోరు చంద్రవంకవలె వంగిన ఉలులు రెండు, కొన ఏటవాలుగా నున్న చెక్కుడుకత్తి యొకటి, తేలికయైన కొయ్యకొడతి యొకటి, నూఱుటకు సానరాయి, తుదిమెఱుగునకు తోలుపట్టీ. ఇవికాక, పలకను బల్లకు బిగించు క్లాంపులు రెండు తప్పక యుండవలెను. ఈ క్లాంపుల మాట తేలికగా తీసికొనరాదు. ఒకచేత పలకను పట్టుకొని ఒకచేత ఉలి త్రోయుటవలననే చేతులు తెగును. పలక బల్లకు బిగిసియున్నచో రెండు చేతులును ఉలిమీదనే యుండును. రెండును అంచునకు వెనుకనే యుండును. కత్తిపీటముందు కూర్చున్న యిల్లాలికి పదునుకత్తి కంటె మొద్దుకత్తి ప్రమాదకరమని యొకరు చెప్పనేల? మొద్దుదానిని బలముగా అదుముదుము, అది జారును. ఉలి సంగతియు నంతియే.

ఉలి యంచు ఏటవాలును సుమారు 25 డిగ్రీలుగా నుంచి, సానరాతిపై ఒకే వాలున ముందునకు వెనుకకు నడపవలెను. వెనుకవైపున సన్నని ముల్లువంటి అంచు వ్రేలికి తగిలినప్పుడు త్రిప్పి వీపును రాతిపై చదునుగా రెండు మూడు మార్లు రాచి, తోలుపట్టీపై వెనుకకు లాగవలెను. పోగుల కడ్డముగా మెత్తని కొయ్యను కోసి చూడుము. తెగినచోటు మెఱయుచున్నచో పదును కుదిరినట్లు. తెల్లబాఱి నలిగియున్నచో మరల రాతియొద్దకు పోవలసినదే.

లోతక్షరమును చెక్కుటలో ప్రధానమైన పద్ధతి రెండు ఏటవాలు గోడలు అడుగున ఒక గీతగా కలియునట్లు పల్లము తీయుట. నాగేటిచాలు నడిమికి తెగినప్పుడు కనబడు ఆకారమిది. మొదట అక్షరపు గీత నడిమిగుండ కత్తితోగాని ఉలితోగాని నిలువుగా ఒక గాటు పెట్టవలెను. ఆ గాటు హద్దు వంటిది. ప్రక్కనుండి వచ్చు ఉలి దానియొద్ద ఆగును, పెచ్చు దాటిపోదు. పిమ్మట ఒక ప్రక్కనుండి, మఱియొక ప్రక్కనుండి ఏటవాలుగా నడిమిగాటునకు కోసి పెచ్చును తీయవలెను. వ్రాసినగీతకు మొదటనే పోరాదు. గోరంత లోపలనే యుండి, గాటును మరల దింపి, మరల రెండుప్రక్కల కోసి, లోతు కుదిరినపిదప తుదికోత మాత్రము గీతమీదికి తేవలెను. రెండు గోడల నడుమ కోణము 60 డిగ్రీలున్నచో 8 మిల్లీమీటర్ల వెడల్పుగల గీతకు లోతు సుమారు 7 మిల్లీమీటర్లు వచ్చును. గీత వెడల్పైనచోట లోతు పెరుగును, సన్ననైనచోట తగ్గును. గోడల వాలు మాత్రము మారరాదు. ఈ నియమము తప్పకున్నచో తలకట్టు కొన సన్నగిల్లినకొలది పల్లము తనంతట తాను పైకి తేలి, కుంచెతో వ్రాసినట్లు ముగియును.

ఇప్పుడు గుండ్రని యక్షరముల యుపాయము. "ర"కారపు చుట్టును గడియారముగా భావింపుడు. పోగులు 9నుండి 3వైపునకు అడ్డముగా పోవుచున్నవనుకొందము. చుట్టునకు వెలుపలిగోడ, లోపలిగోడ అని రెండు గోడలు కలవు. లోపలిగోడను చెక్కునప్పుడు 12నుండి 3వైపునకును, 12నుండి 9వైపునకును, అట్లే 6నుండి 3వైపునకును, 6నుండి 9వైపునకును ఉలిని నడపవలెను. వెలుపలిగోడకు సరిగా నిది తలక్రిందులు. 3నుండియు, 9నుండియు బయలుదేఱి 12వైపునకును, 6వైపునకును పోవలెను. ఇట్లు చేసినచో ఉలి యెల్లప్పుడును పోగులను అణచుచు పోవునే కాని లేపుచు పోదు. వెలుపలిగోడ పల్లమునుండి చూచినచో గిన్నెలోపలివలె నుండును గనుక దానికి వంపునోటి ఉలి తగును. లోపలిగోడ గిన్నెవీపువంటిది, దానికి చదునైన ఉలియో కత్తియో చాలును. చదువునప్పుడు ఇది చిక్కుగా తోచవచ్చును. ఒక పనికిరాని చెక్కపై నాలుగు సున్నలు చెక్కినచో ఐదవసున్నకు చేతికే తెలిసిపోవును.

"ఠ", "థ" అను నక్షరములయందు కడుపులోని చుక్క మిక్కిలి బాధపెట్టును. చుట్టు ఒక పల్లము, చుక్క మఱియొక పల్లము. రెంటినడుమ మిగిలిన కొయ్య సన్ననిగోడయై పోగుల కడ్డముగానున్నచోట పుటుక్కున విఱుగును. అట్టి యక్షరము పేరులో నున్నచో పేరంతయు కొంచెము పెద్దదిగా వ్రాయుట, చుక్కను తక్కువలోతున చెక్కుట మేలు. ఆ చుక్కను కొడతితో కొట్టి చెక్కరాదు. చేతితోనే త్రిప్పుచు తీయవలెను.

అక్షరములు పైకుండి చుట్టునున్న కొయ్యను తగ్గించు ఉబ్బెత్తుపని వేఱు. ఇందులో అక్షరపు ప్రక్కలు అడుగునకు కొంచెము వెడల్పగునట్లు వాలుగా నుండవలెను. నిలువుగా గాని లోనికి గాని కోసినచో అంచులు రాలును. కృష్ణాజిల్లా పెడనలో కలంకారీ యద్దకమునకై టేకు అచ్చులు చెక్కు పనివాండ్ర చేతిలో నీ విద్య యున్నది. కొయ్యపై ఉబ్బెత్తక్షరములు చెక్కుటలో మానవులు చూపిన యోర్పునకు కొరియా దేశపు హెయిన్సా దేవాలయము సాక్షి. 13వ శతాబ్దమున బౌద్ధ త్రిపిటకమంతయు చెక్కిన 80 వేలకు పైబడిన కొయ్యపలకలు నేటికి నచ్చట భద్రముగా నున్నవి. అద్దకపుటచ్చులోను, పుస్తకపుటచ్చులోను అక్షరములను అద్దములో చూచినట్లు త్రిప్పి చెక్కవలెను. పేరుపలకకు ఆ తిప్పట లేదు. ఉబ్బెత్తుపని కన్నులకు పండుగయే కాని, చెక్కవలసిన కొయ్య మూడింతలు. దుమ్ము నిలుచు మూలలు ముప్పదింతలు. దుమ్ము తుడువవలసినది ఎవరో మనకు తెలియును గనుక నేను లోతక్షరములకే యోటు వేసెదను.

ఇప్పుడు విద్యుచ్ఛక్తితో తిరుగు రౌటరు యంత్రములు చాల యూళ్ల వడ్రంగులయొద్ద నున్నవి. వీనిని తీసివేయుట న్యాయము కాదు. కొన గుండ్రని ములికి పెట్టిన రౌటరు, ఒకే మందముగల గుండ్రని తెలుగు గీతకు ఇంగ్లీషు లిపికంటెను బాగుగా కుదురును. అది చేయలేనిది గీతలోని లావుసన్నముల సొంపు. కంప్యూటరు నడుపు సి.ఎన్.సి. యంత్రమైతే ఏటవాలు గోడల పల్లమును, సన్నగిల్లు కొనలను గూడ తీయగలదు. అయితే అపాయము వేఱొకచోట నున్నది. కొన్ని కంప్యూటరు చిత్రరచనా సాధనములకు తెలుగు వత్తులను కూర్చు నేర్పు లేదు. "లక్ష్మీ" అని వ్రాసినచో వత్తులు విడిపోయి, నడుమ పొల్లులు దిగి, మూడు ముక్కలుగా నిలుచును. మఱికొన్నింటిలో అక్షరమును, వత్తును ఒకదానిపై నొకటి పడినచోట హద్దుగీతలు కలిసిపోక, యంత్రము ఆ కలియుచోటును చెక్కక విడిచిపెట్టును. యంత్రము నడుపువానికి తెలుగు రాకపోవచ్చును. వచ్చినను తొందరలో చూడకపోవచ్చును. కాగితముమీద తప్పు పడినచో కొట్టివేయవచ్చును, కొయ్యమీది తప్పు గుమ్మమున కూర్చుండును. కావున చెక్కించుటకు ముందు అసలు కొలతలో కాగితముపై అచ్చు తీయించి, ఆ కాగితమును గోడకు అంటించి, వీధిలోనుండి చదివి, ఇంటిలోని పిల్లలచేత గూడ చదివించి, అప్పుడు సరే యనవలెను.

చెక్కుట ముగిసినపిదప పల్లములను గరుకుకాగితముతో రుద్దరాదు. ఉలి తీర్చిన వాడియంచులన్నియు మొద్దువాఱును. పలక పైభాగమును మాత్రము సమతలపు చెక్కముక్కకు చుట్టిన సన్ననికాగితముతో పోగులవెంట రుద్దవలెను. కొయ్యపొడిని పీల్చుట మంచిది కాదు. అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 1995లో దానిని కాన్సరు కలిగించు వస్తువుల పట్టికలో చేర్చినది. కావున ముక్కునకు మంచి మాస్కు కట్టుకొని, పసిపిల్లలు తిరుగనిచోట నీపని చేయవలెను. పిమ్మట ఉడికించిన అవిసెనూనెను గుడ్డతో పలుచగా పట్టించి, పావుగంట తరువాత మిగిలినదానిని తుడిచివేసి, ఆఱినపిదప మరల పట్టింపవలెను. ఈ నూనెగుడ్డలవిషయమున గృహిణులు మిక్కిలి జాగ్రత్తపడవలెను. అవిసెనూనె గాలితో కలసి గట్టిపడునప్పుడు వేడి పుట్టును. గుడ్డను ఉండచుట్టి మూలను పడవేసినచో ఆ వేడి వెలుపలికి పోలేక, నిప్పు చూపకయే గుడ్డ అంటుకొనును. పని కాగానే గుడ్డలను విప్పి ఆరుబయట ఒక్కొక్కటిగా ఆఱవేయవలెను, లేదా నీటిలో ముంచియుంచవలెను. అక్షరములలో రంగు నింపదలచినవారు పలకకు ముందుగా పలుచని వార్నీషు పూయించి, రంగు నింపి, పైకి పొర్లినదానిని వెంటనే తుడిచివేయవచ్చును. ముదురు టేకుపై తెలుపుగాని పసుపుగాని తప్ప మఱియే రంగును వీధిలోనుండి కనబడదు.

గోడకు తగిలించునప్పుడు పలకవెనుక చిన్న చెక్కముక్కలు రెండు పెట్టి, గోడకును పలకకును నడుమ గాలియాడు నెడ ముంచవలెను. ఏటేట వర్షములకు ముందు దుమ్ము దులిపి, నూనెగుడ్డతో నొకమారు తుడిచినచో చాలును.

పలకపై నేమి చెక్కవలెనని యడుగువారు కలరు. మా వీధిలో నున్న పలకలను నేను లెక్కించి చూచితిని. పదునొకండిటిలో తొమ్మిదింటిమీద గృహస్థునిపేరు, ఆయన పట్టములు, ఉద్యోగము, విరమించిన యుద్యోగము గూడ నున్నవి. రెంటిమీద దేవుని పేరున్నది. ఇంటికి దీపము ఇల్లాలని చెప్పుకొనువారెవ్వరును ఆ దీపము పేరు చెక్కింపలేదు. చోటు చాలదని యొకరు సెలవిచ్చిరి. రెండవవరుసకు కావలసినది మఱి నాలుగైదంగుళముల కొయ్య మాత్రమే. పలక క్రొత్తగా చేయించువారు ఆ కొలత ముందే చేర్చుకొనవలెను. ఇదివఱకే టేకుపలక యున్నవారు దానిని పాఱవేయనక్కఱలేదు. అంగుళముపైన మందముగలదైనచో, అక్షరముల లోతునంతయు చిత్రికపట్టించి తీసివేసినను మరల చెక్కుటకు చాలినంత కొయ్య మిగులును. పట్టములను విడిచి పేరు మాత్రము వ్రాసినచో, ఆ పాతపలకమీదనే రెండు పేర్లును ఒక వరుసలో పట్టును.